సొంత అనుభవాన్ని కథనంగా రాయడం ఎలా: నోటుపుస్తకం నుంచి చివరి చిత్తు దాకా

"నాకు జరిగింది రాద్దామని కూర్చుంటాను. రెండు పేజీలయ్యేసరికి స్కూలు వ్యాసంలా తయారవుతుంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" ఈ ప్రశ్న చాలామంది అడిగారు. విడివిడిగా చెప్పిన జవాబులన్నిటినీ ఇక్కడ వరసలో పెడుతున్నాను.

ఇది ఆత్మకథ రాయడం గురించి కాదు. వెయ్యి, పన్నెండు వందల మాటల్లో ముగిసే ఒక్క అనుభవం గురించి. పైకి చదివితే పది నిమిషాలు పట్టే నిడివి. ఉదాహరణకి నేను రాసినదాన్నే మొదటినుంచీ వాడతాను. మాది కోనసీమ. నేను రాసింది మా ఇంట్లో గేదెని అమ్మిన రోజు గురించి. నాలుగు చిత్తులు పట్టింది. మొదటి మూడూ ఎక్కడ తప్పాయో కూడా చెబుతాను, మీకు ఆ శ్రమ కొంతైనా తగ్గుతుందని.

1. ముందు ఒక వారం సరుకు పోగుచెయ్యండి

మొదటిరోజే రాయడం మొదలుపెట్టకండి. గుర్తున్న నాలుగు సంగతులతో మొదలుపెడితే అవి ఒక పేజీకే అయిపోతాయి. మిగతా జాగా అంతా భావాలతో నింపాల్సివస్తుంది. వ్యాసంలా తయారయ్యేది అక్కడే.

చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. వాక్యాలు వద్దు, ముక్కలు చాలు. నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: కుడితి గోలెం. తెలగపిండి నానిన వాసన. పాలకేంద్రంలో వెన్నశాతం రాసిచ్చే చిన్న పుస్తకం. పదిహేను రోజులకోసారి పాల డబ్బు. పాక దూలానికి వేలాడే పలుపు. పేరు పెట్టి పిలవగల వస్తువు ఒకటి దొరికితే దాని వెనకే మరచిపోయిన సంగతులు రెండు వస్తాయి. 'గేదె', 'ఇల్లు', 'బాల్యం' లాంటి పెద్ద మాటల వెనక ఏమీ రావు.

పోగుచేసేటప్పుడు ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి:

- ఆ రోజు మీరు చేత్తో ముట్టుకున్న వస్తువులు మూడు
- ఎవరో అన్న మాట ఒకటి, అన్నది అన్నట్టుగా
- డబ్బు: ఎంత, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి
- ఆ పూట ఇంట్లో ఏం వండారు
- అక్కడే ఉండీ నోరు విప్పనిది ఎవరు
- ఇప్పటికీ మీకు అర్థంకానిది ఒకటి

చివరి రెండూ ఖాళీగా వదిలెయ్యకండి. నా కథనం మొత్తం చివరికి ఆ రెండిటి మీదే నిలబడింది.

తేదీ గుర్తులేదని చాలామంది ఆగిపోతారు. దానికి మా పెద్దవాళ్ళు వాడే పద్ధతే ఉంది: అందరికీ గుర్తున్నదానికి ముందా, తర్వాతా అని అడగడం. దివిసీమవాళ్ళకి 1977 నవంబరు ఉప్పెన. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకి 1986 ఆగస్టు వరద. మాకు 1996 నవంబరు 6 తుఫాను. హైదరాబాదువాళ్ళకి 2000 ఆగస్టు వరద, విశాఖవాళ్ళకి 2014 అక్టోబరు 12 హుద్‌హుద్. ఎక్కడివాళ్ళకైనా 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం, 2003, 2015 గోదావరి పుష్కరాలు, 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్ల రద్దు. ఏడాది తేలాక పదోతరగతి సర్టిఫికెట్టుతోనో, బ్యాంకు పాసుపుస్తకంతోనో సరిచూసుకోండి.

నెల తేలకపోతే కార్తె అడగండి. రోహిణి మే నెలాఖరున వస్తుంది, మృగశిర జూన్ 7, 8 తేదీల్లో. గేదెని అమ్మింది ఆగస్టులో అని నేను ఏళ్ళతరబడి అనుకున్నాను. మొదటి చిత్తులో జోరున వాన కూడా కురిపించాను. "మృగశిర ఇంకా రాలేదు, ఎండ మండిపోతోంది" అని అమ్మ ఒక్క మాట అనేసరికి అది 1997 జూన్ మొదటి వారమని తేలింది. వాన మొత్తం కొట్టేశాను. ఎండలో గేదె నాలుగు అడుగులకోసారి నీడ కోసం ఆగడం అప్పుడు గుర్తొచ్చింది. వాన ఉన్నంతకాలం ఆ జ్ఞాపకానికి దారి దొరకలేదు.

పెద్దవాళ్ళని "ఆ రోజు ఏం జరిగిందో చెప్పు" అని అడిగితే "ఏముంది, అమ్మేశాం" అంటారు, అంతే. "పాలకేంద్రానికి పాలు ఎవరు పట్టుకెళ్ళేవారు?" అని అడగండి, గంటసేపు చెబుతారు. ముందు అడిగి, ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకోండి. మాటలు మీరు రాసుకునేలోపు వాళ్ళ మాటతీరు పోతుంది, మీ మాటతీరు వచ్చి కూర్చుంటుంది.

2. జీవితం పక్కన పెట్టి ఒక రోజు తీసుకోండి

ఎంచుకున్న విషయాన్ని గడియారంతో కొలవగలగాలి. ఒక పూట, ఒక ప్రయాణం, ఒక ఫోను కాలు. ఆ పూట తర్వాత ఇంట్లో ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, మునుపటిలా ఉండకూడదు. ఈ రెండూ ఉంటే చాలు.

'అమెరికాలో నా మొదటి ఏడాది' అని ఒకరు మొదలుపెట్టి నెలరోజులు ఇరుక్కుపోయారు. ఆ ఏడాదిలోంచి ఒక సాయంత్రం తియ్యమన్నాను. ఇంటికి ఫోను చేసి, తినకుండానే "తిన్నానమ్మా" అని చెప్పిన సాయంత్రం తీశారు. మూడు రోజుల్లో పూర్తయింది. 'మా తాతయ్య మరణం' అన్నవాళ్ళకీ ఇదే చెబుతాను: కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన కళ్ళజోడు ఏం చెయ్యాలో తెలియక అందరూ దానివైపు చూసిన పది నిమిషాలు రాయండి. పెద్ద సంఘటన దానంతటదే ఆ పది నిమిషాల్లోకి వస్తుంది.

3. అప్పటి నేను, ఇప్పటి నేను

నన్ను ఒక్క మెట్టే చెప్పమంటే ఇదే చెబుతాను. సొంత అనుభవం రాసేటప్పుడు కాగితం మీద ఇద్దరుంటారు. జరిగేటప్పుడు ఉన్న మనిషి ఒకరు, రాసేటప్పుడు ఉన్న మనిషి ఇంకొకరు. కథనం ఆ ఇద్దరి మధ్య దూరంలో ఉంటుంది. ఇద్దరినీ కలిపేస్తే ఆ దూరం పోతుంది, చదివేవాళ్ళకి నడవడానికి దారి ఉండదు.

నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు చెయ్యండి. ఎడమవైపు అప్పటి మీకు తెలిసినవి, కుడివైపు ఇప్పటి మీకు తెలిసినవి.

నా ఎడమ పక్క: పదిహేనేళ్ళు. పది పాసయ్యాను. కాలేజీ ఫీజు కట్టాలి. తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయాయి, దింపు డబ్బు రావడంలేదు. నాన్న గేదెని అమ్మాడు. ఫీజు కట్టారని నాకు సంబరం.

కుడి పక్క చాలారోజులు ఖాళీగా ఉంది. రికార్డు వింటుంటే అమ్మ మాట దొరికింది. ఆ గేదె ఆవిడ పుట్టింటివాళ్ళు పెయ్యదూడగా ఇచ్చింది. పదిహేను రోజులకోసారి వచ్చే పాల డబ్బు ఒక్కటే ఇంట్లో ఆవిడ చేతికి నేరుగా వచ్చే డబ్బు. ఆ జూన్ తర్వాత గాజులకైనా నాన్ననే అడగాల్సివచ్చింది.

మొదటి రెండు చిత్తుల్లోనూ 'నాన్న గేదెని అమ్మాడు' అని రాశాను. మూడోదాంట్లో అది 'అమ్మ గేదెని నాన్న అమ్మాడు' అయింది. పెరిగింది ఒక్క మాట. దానికోసం మిగతాదంతా మళ్ళీ రాయాల్సివచ్చింది.

తరచూ జరిగే తప్పు: ఇప్పటి జ్ఞానాన్ని అప్పటి పిల్లాడి నోట్లో పెట్టడం. 'ఆ క్షణంలో అమ్మ త్యాగం నాకు అర్థమైంది' అని నేనూ రాశాను. అది అబద్ధం. ఆ క్షణంలో నేను కొత్త బ్యాగు గురించి ఆలోచిస్తున్నాను. సరిచేసే దారి: దృశ్యంలో ఎడమ పక్క ఉన్నవే వాడండి. కుడి పక్కవి దృశ్యం అయ్యాక, 'ఇరవై ఏళ్ళ తర్వాత' అని కాలం మారినట్టు తెలిసేలా తీసుకురండి.

4. రూపం: సరుకు చూసి పాత్ర ఎంచుకోండి

మొదటినుంచి చివరికి వరసగా చెప్పడం ఒక్కటే దారి కాదు. నేను వాడి చూసిన దారులు ఇవి.

*వస్తువు పట్టుకుని నడవడం.* ఒక వస్తువుని మొదట్లో చూపించి, మధ్యలో చేతులు మార్చి, చివర్లో ఎక్కడుందో చెప్పడం. ఇంట్లోవాళ్ళు మనసులో మాట పైకి చెప్పనివాళ్ళయితే ఇదే సరైనది. వాళ్ళు అననిది వస్తువుని పట్టుకునే తీరులో కనిపిస్తుంది. నేను పలుపుని పట్టుకున్నాను.

*లెక్కల చిట్టా.* తెలగపిండికి ఇంత, పాల బిల్లు ఇంత, ఫీజు ఇంత అని పద్దులు రాసి, ఒక్కో పద్దు కింద రెండు మూడు వాక్యాల కథ. డబ్బు ఇబ్బంది ఉన్న రోజుల గురించి రాసేవాళ్ళకి బాగా నప్పుతుంది, జాలి అడక్కుండా చెప్పొచ్చు కాబట్టి. పద్దులు ఎనిమిది దాటితే మాత్రం చదివేవాళ్ళు అంకెల్లో తప్పిపోతారు.

*ఉత్తరం.* నా రెండో చిత్తు అమ్మకి రాసిన ఉత్తరం. అది చెడిపోయింది. ఎందుకంటే ఆవిడకి తెలిసిన సంగతులే ఆవిడకి వివరిస్తున్నాను: 'నువ్వు రోజూ నాలుగింటికి లేచేదానివి' అని. ఆవిడకి తెలియదా? ఉత్తరం రాస్తే అక్కడ లేనివాళ్ళకి రాయండి. అప్పటికి పుట్టని కూతురికో, ఊరు వదిలి వెళ్ళిన స్నేహితుడికో. అప్పుడు వివరించడానికి కారణం ఉంటుంది.

*రెండు జ్ఞాపకాలు.* అదే రోజు మీకు గుర్తున్నట్టు ఒక ముక్క, అక్కకో తమ్ముడికో గుర్తున్నట్టు ఒక ముక్క. పొంతన కుదరని చోట్లని సర్దకండి, అలాగే ఉంచండి.

*వెనక్కి నడక.* ఖాళీ పాకతో మొదలుపెట్టి పొద్దున్న పాలు పితికే దగ్గరికి వెళ్ళడం. ఏం జరిగిందో ముందే తెలిసిపోయే కథలకి పనికొస్తుంది.

ఎలా తేల్చుకోవాలి? ఒకే సాయంత్రం రెండు రూపాల్లో నూటయాభై మాటల చొప్పున రాయండి. దేంట్లో మీకు తెలియని సంగతి ఒకటి బయటపడిందో అది ఉంచుకోండి. దేంట్లో వాక్యాలు అందంగా వచ్చాయన్నది చూడకండి.

5. మొదటి చిత్తు: మధ్యలోంచి మొదలుపెట్టండి

మొదటి వాక్యం కోసం రోజులు పాడుచేసుకోవద్దు. కళ్ళు మూసుకుంటే ఏ దృశ్యం స్పష్టంగా కనిపిస్తుందో అది రాయండి. నాకు కనిపించింది బేరం. నాన్న, బేరగాడు కండువా కింద చేతులు పెట్టి వేళ్ళతో ధర చెప్పుకోవడం. కండువా కదలడం కనిపిస్తోంది, అంకె కనిపించదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ కండువానే చూస్తోంది.

నలభై నిమిషాలు ఆగకుండా రాయండి. ధర గుర్తులేకపోతే 'ఇక్కడ ధర అడగాలి' అని రాసి ముందుకెళ్ళండి. నాకు తర్వాత తెలిసింది, ఏడువేల రెండొందలు. మధ్యలో ఆగి ఫోనులో వెతికితే ఆ దృశ్యం మళ్ళీ దొరకదు. తర్వాతి రోజు దానికి ముందుది, ఆ తర్వాతి రోజు వెనకది. మొదటి పేరా అన్నిటికన్నా చివర రాయండి.

6. క్రియల దగ్గర మరమ్మతు

మన భాషలో సొంత కథనం చప్పబడిపోవడానికి ముఖ్యకారణం 'ఏది', 'ఏవాళ్ళం'తో ముగిసే క్రియలు. నా మొదటి చిత్తు చూడండి:

'మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గేదె ఉండేది. అమ్మ దాన్ని ఎంతో ప్రేమగా చూసుకునేది. రోజూ తెల్లవారుజామునే లేచి పాలు పితికేది. మేమంతా దాన్ని ఇంట్లో మనిషిలా చూసేవాళ్ళం.'

నాలుగు వాక్యాలున్నాయి, ఒక్క సంఘటనా లేదు. ఎప్పుడూ జరిగేది చెబితే ఏదీ జరిగినట్టు ఉండదు. నాలుగో చిత్తులో అదే చోట ఇలా ఉంది:

'ఆ రోజు కూడా అమ్మ నాలుగింటికే లేచింది. ఎప్పుడూ దూడకి ఒక చన్ను వదిలేది. ఆ రోజు రెండు వదిలింది.'

'వదిలేది' ఒక్కసారి ఉంచాను. అలవాటు తెలిస్తేనే అది తప్పిన రోజు తెలుస్తుంది. మీ చిత్తులో 'ఏది', 'ఏవాడు', 'ఏవాళ్ళం' అన్నిటి కిందా గీత గీయండి. పేజీకి మూడు దాటితే మిగతావాటిని 'ఆ రోజు'లోకి మార్చండి.

ఇంకా చూడాల్సినవి:

'ట' వాడుకోండి. 'నేను ఏడవలేదట. అక్క చెప్పింది.' మీరు చూడనిదాన్నీ, గుర్తులేనిదాన్నీ చెప్పడానికి ఇంత నిజాయితీ ఉన్న ప్రత్యయం మనకుంది. 'బహుశా', 'నాకు సరిగ్గా గుర్తులేదు గానీ' అని పదేపదే రాయక్కర్లేదు.

'మేము', 'మనం', 'నా', 'మా' ఒక్కొక్కటీ ఆగి చూడండి. మనం మా ఇల్లు అంటాం, మా ఆయన అంటాం. అమ్మ ఎప్పుడూ 'మా గేదె' అనే అంది, 'నా గేదె' అని ఒక్కసారీ అనలేదు. అందుకే అది ఎవరిదో నాకు అన్నేళ్ళు తట్టలేదు. ఈ సంగతి నేను కథనంలోనే పెట్టాను. మీ ఇంట్లోవాళ్ళ సర్వనామాల్లో కూడా ఇలాంటిది ఏదో ఉంటుంది.

'నాన్న అమ్మాడు' అంటారా, 'అమ్మారు' అంటారా? ఇంట్లో ఎలా అంటే అలాగే, మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకటే.

'గుండె బరువెక్కింది', 'కళ్ళు చెమర్చాయి', 'మాటల్లో చెప్పలేను' కనిపిస్తే కొట్టెయ్యండి. ఆ సమయంలో చేతులు ఏం చేస్తున్నాయో ఆ చోట రాయండి.

7. మాండలికం

మేం గేదె అంటాం, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. మీ ఇంట్లో మాటే రాయండి, బ్రాకెట్లో అర్థం ఇవ్వకండి. 'కుడితి తాగి తల ఎత్తింది' అంటే చదివేవాళ్ళకి అదేమిటో తెలిసిపోతుంది. సంభాషణ పూర్తిగా ఇంటి యాసలోనే ఉండాలి. చెప్పే మాట మీరు ఇవాళ స్నేహితులతో మాట్లాడినట్టు ఉంటే చాలు.

8. ఆలోచన ఎక్కడ, ఎంత

చిత్తులో కళ్ళతో చూసినవాటి కింద పెన్సిలు గీత, మీ ఆలోచనల కింద ఎర్రగీత గీయండి. ఎరుపంతా చివరి పేరాలో ముద్దగా ఉంటే అది ఉపదేశం. ఆ పేరా తీసేసి, అందులోంచి ఒకే ఒక్క వాక్యాన్ని మధ్యలో ఏదైనా దృశ్యం వెనక పెట్టి చూడండి. ఎరుపు అసలు లేకపోతే మీరు మూడో మెట్టులో కుడి పక్క నింపలేదన్నమాట, వెనక్కి వెళ్ళండి. అయిదు పాళ్ళ పెన్సిలుకి ఒక పాలు ఎరుపు నాకు సరిపోయింది.

తెలిసినదాన్ని నేర్చుకున్న పాఠంలా కాకుండా, ఇంకా తేలని ప్రశ్నలా రాస్తే ఆ ఎరుపు నిలబడుతుంది. 'కండువా కింద అంకె అమ్మకి ఎవరైనా చెప్పారా?' అన్న ఒక్క ప్రశ్న, నేను అంతకుముందు రాసిన పేరా మొత్తాన్ని తీసేసేలా చేసింది.

9. చివరి తనిఖీ

పది రోజులు మూసిపెట్టి, తర్వాత పైకి చదువుతూ చూడండి:

- మొదటి పేరా తీసేసినా కథ అర్థమవుతోందా? అయితే తీసెయ్యండి
- తేదీ, కార్తె, వాన, ఎండ పొంతన కుదిరాయా
- ఊపిరి అందని వాక్యాలు విడగొట్టారా
- చెడ్డవాళ్ళుగా కనిపిస్తున్నవాళ్ళకి ఒక్క మంచి పనైనా గుర్తుందా, రాశారా
- ఇరుగుపొరుగు, బంధువుల పేర్లు మార్చారా
- ఒకరు మీకు నమ్మి చెప్పిన రహస్యం ఇందులో ఉందా? ఉంటే వాళ్ళు సరేననే దాకా బయటపెట్టకండి
- చివర్లో ఒక పని జరిగి ఆగిందా, లేక వివరణతో ఆగిందా

పేరు ఇదంతా అయ్యాక పెట్టండి. 'మరపురాని రోజు', 'తీపి జ్ఞాపకం' వద్దు. లోపల ఉన్న వస్తువుల్లోంచి ఒకటి తీసుకోండి.

10. అక్కడ ఉన్నవాళ్ళకి వినిపించండి

చదవమని ఇవ్వకండి, చదివి వినిపించండి. కాగితం ఇస్తే "బాగుంది" అని తిరిగిచ్చేస్తారు. వినిపిస్తే మధ్యలో ఆపుతారు, ఆపిన చోటే మీకు కావలసింది. నచ్చలేదంటే వాదించకండి. "అలా జరగలేదు" అంటే మాత్రం పెన్ను తీసుకోండి.

నా మూడో చిత్తు ఇలా ముగిసింది: బేరగాడు తన తాడు వేసి గేదెని తోలుకెళ్ళాడు. అమ్మ మా పలుపు ఇవ్వలేదు. చుట్టచుట్టి పాక దూలానికి తగిలించింది. అది సరైన ముగింపు అనుకున్నాను. అమ్మకి వినిపించాను.

అంతా విని, "నేనెక్కడ తగిలించాన్రా. నేను చూడలేక లోపలికి వచ్చేశాను. తగిలించింది మీ నాన్న" అంది.

'అక్కడే ఉండీ నోరు విప్పనిది ఎవరు' అన్న చోట మొదటి వారంలో నేను అమ్మ పేరు రాసుకున్నాను. దాని కింద రెండో పేరు రాశాను. బేరం దృశ్యంలో నాన్న ముఖం ఎలా ఉందో ఆవిడనే మళ్ళీ అడిగి, ఆ రెండు పేజీలూ తిరగరాశాను.